ట్రైలర్‌లో లిథియం బ్యాటరీ: మీటరు 83 శాతం అంటోంది, అర్ధరాత్రి మొత్తం చీకటి

ఎంవీపీ_ట్రైలర్
తల బద్దలవుతోంది, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. బొలెరో వెనక తగిలించుకునే చిన్న ట్రైలర్ చేయించుకున్నా, ఇద్దరు పడుకునేంత. మొదట్లో ఇంట్లో ఇన్వర్టర్‌ది పాత టాల్ ట్యూబులర్ బ్యాటరీ పడేసి నడిపించా. దాన్ని ఎత్తలేక నడుం పట్టేసింది. సంక్రాంతికి రెండు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు కొన్నా. ఒక్కోటి 12.8 వోల్టులు, 100 ఏహెచ్ (ఆంప్ అవర్లు, అంటే 10 ఆంప్స్ చొప్పున 10 గంటలు). రెండూ పేరలల్‌లో కలిపించా. పైన 300 వాట్ల సోలార్ ప్యానెల్, దాని కరెంటుని బ్యాటరీకి సరిపడేలా మార్చి పంపే ఎంపీపీటీ కంట్రోలర్. ఇంటి దగ్గరున్నప్పుడు కరెంటు మీద పెట్టడానికి పాత 10 ఆంప్స్ ఛార్జరే. 1500 వాట్ల ఇన్వర్టర్, 45 లీటర్ల 12 వోల్టుల ఫ్రిజ్. ఛార్జింగ్ ఎంతుందో తెలియడానికి షంట్ మీటరు కూడా పెట్టించా. వైజాగ్ ఆటోనగర్లో తెలిసిన కుర్రాడు వైరింగ్ చేశాడు.

శుక్రవారం అరకు వెళ్లాం. బయల్దేరేటప్పుడు మీటరు 100. రాత్రి ఇండక్షన్ మీద కూర, కరెంటు కుక్కర్లో అన్నం. పడుకోబోతూ చూస్తే 88. లిథియం అంటే ఇదీ అని మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా పోయా. 2:40కి ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది, లైటు లేదు. మీటరు కూడా చచ్చిపోయింది. ఫోన్లో దాని చివరి రీడింగ్ 83 శాతం.

పొద్దున ఎండొచ్చినా సోలార్ కంట్రోలర్ లేవలేదు. బొలెరో బ్యాటరీ నుంచి జంపర్ వైర్లు తగిలిస్తే అప్పుడు ఊపిరొచ్చింది. మసాలా పట్టించి పెట్టిన వంజరం చేప ముక్కలు పారేశాం. బ్యాటరీ బోగస్సా, మీటరు బోగస్సా?

భీమిలి_బుల్లెట్
అరకులో రాత్రి ఫ్యాను దేనికి బాసూ. బ్యాటరీకే చలేసి ఆపేసుంటుంది.

ఎంవీపీ_ట్రైలర్
మార్చిలో ట్రైలర్ తలుపులేసుకుని పడుకుని చూడు, తెలుస్తుంది.

ట్యూబులర్_అభిమాని
నేను ముందునుంచీ మొత్తుకుంటున్నా. హుద్‌హుద్ తుఫాను అప్పుడు, 2014 అక్టోబర్లో, మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు ఆదుకున్నది నా ట్యూబులరే. నీళ్లు పోశామా, మల్టీమీటర్ పెట్టామా, 12.6 అంటే ఫుల్లు, 12.2 అంటే సగం, అయిపోయింది. ఈ లిథియం వచ్చాక మీటరు, దానికి షంటు, దానికో యాప్. బ్యాటరీ కంటే దాన్ని చూసేవాటికే ఖర్చెక్కువ.

ఉక్కునగరం_అక్క
బ్యాటరీ బోగస్ అని ఇప్పుడే అనకండి. మూడు అంకెలు కావాలి.
బ్యాటరీలకి బ్లూటూత్ ఉంటే రెండింటి యాప్‌లో శాతం ఎంతో విడివిడిగా. లోడు, ఛార్జింగ్ అన్నీ ఆపేసి ఓ గంటయ్యాక మల్టీమీటర్‌తో నేరుగా బ్యాటరీ పోస్టుల మీద వోల్టేజి. అదే సమయానికి షంట్ మీటరు ఏమంటోందో.
ముగ్గురు సాక్షులూ ఒకటే చెప్తున్నారో లేదో చూశాక దొంగని పట్టుకుందాం.

మురీమిక్చర్
ఉక్కునగరం అక్క రంగంలోకి దిగింది. నేను ఉల్లిపాయలు ఎక్కువేయించుకుని కూర్చుంటున్నా.

ఎంవీపీ_ట్రైలర్
అక్కా, ఆదివారం వచ్చాక ఛార్జర్ పెట్టా, పొద్దున్నకి ఆకుపచ్చ లైటు వచ్చింది, తీసేశా. ఇప్పుడు షంట్ మీటరు 100. యాప్‌లో మొదటి బ్యాటరీ 58, రెండోది 66. మల్టీమీటర్ 14.1. అన్నీ ఆపి గంట దాటింది.

గాజువాక_వైరింగ్
14.1 ఏంటండీ, అది ఉండదు. లిథియం ఫాస్ఫేట్ ఛార్జింగ్ తీసేశాక నిండుగా ఉన్నా 13.3, 13.4 దగ్గరకొచ్చి కూర్చుంటుంది. మీ మల్టీమీటర్లో 9 వోల్టుల బ్యాటరీ ఎప్పుడు మార్చారు? అది నీరసపడితే చవక మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి.

ఎంవీపీ_ట్రైలర్
మార్చా. ఇప్పుడు 13.2. సిగ్గేస్తోంది.

మురీమిక్చర్
బ్యాటరీ కొలిచే మీటరుకి బ్యాటరీ లేదు. ఈ ముక్క మా ఆఫీసు గ్రూపులో పెట్టేశా.

ట్యూబులర్_అభిమాని
13.2 అంటే బ్రహ్మాండంగా ఉన్నట్టే కదా? ఇంకెందుకు యాప్ గొడవ?

ఉక్కునగరం_అక్క
అక్కడే అందరూ పడతారు ట్యూబులర్ గారూ. మీ లెడ్ యాసిడ్ సింహాచలం మెట్లలాంటిది. దిగుతున్నకొద్దీ ఎన్ని మెట్లు దిగామో తెలుస్తూనే ఉంటుంది. లిథియం ఫాస్ఫేట్ అలా కాదు, సముద్రం అంచున డాల్ఫిన్ నోస్ కొండ పైన నడిచినట్టు. నేల సమంగా ఉంటుంది, నడుస్తాం, నడుస్తాం, ఉన్నట్టుండి అంచు. 80 శాతం దగ్గరున్న వోల్టేజికీ 40 దగ్గరున్న వోల్టేజికీ తేడా 0.2 వోల్టు కూడా ఉండదు. ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అయితేనే అంతకంటే ఎక్కువ ఊగుతుంది. 13.2 అంటే 70 కావచ్చు, 60 కావచ్చు. 13 కిందికి దిగిందంటే మాత్రం అంచు దగ్గరపడినట్టు. అందుకే కరెంటంతా తనగుండా పోయేలా మైనస్ వైరు దారిలో షంట్ పెట్టుకునేది. అది వోల్టేజి చూసి ఊహించదు. ఎన్ని ఆంప్స్ లోపలికెళ్లాయి, ఎన్ని బయటికొచ్చాయి అని కిరాణా కొట్టు పద్దులా రాసుకుంటుంది.

ఎంవీపీ, మీ కొట్టులో ఎవరో పద్దు రాయించకుండా సరుకు పట్టుకెళ్తున్నారు. ఇప్పుడొక పని చేయండి. ఇండక్షన్ ఫుల్లుగా పెట్టి గిన్నెడు నీళ్లు కాయండి. అది మరుగుతుండగా షంట్ మీటర్లో ఆంప్స్ ఎంత, రెండు యాప్‌లలో ఆంప్స్ ఎంత, మూడూ రాయండి.

జెట్టీ_బోటు
ఆంప్సులు తరవాత సూద్దురు గానీ, ముందు వైరు సివర్ల నొక్కే లగ్గులు సూడండి బాబూ. బీచికి అర కిలోమీటరు దూరంలో ఉండి, వైర్లకి ఏటీ రాయకుండా ఒగ్గేసుంటారు. మా బోటులో రాగి తీగ ఆర్నెల్లకే పచ్చబడిపోద్ది. పైన రబ్బరు తొడుగు కొత్త పెళ్లికూతుర్లా ఉంటాది, లోన సూత్తే పొడి.

ఎంవీపీ_ట్రైలర్
అక్కా. ఇండక్షన్ 1200 మీద పెట్టా. నీళ్లు తెర్లుతున్నాయి.
షంట్ మీటరు: మైనస్ 3.8 ఆంప్స్.
మొదటి బ్యాటరీ యాప్: మైనస్ 63.
రెండోది: మైనస్ 47.

గాజువాక_వైరింగ్
దొరికాడు.

భీమిలి_బుల్లెట్
నాకేం దొరకలేదు, ఎవరైనా తెలుగులో చెప్పండి.

ఉక్కునగరం_అక్క
బుల్లెట్టూ, 63, 47 కలిపితే 110. బ్యాటరీల్లోంచి నిజంగా పోతున్నది అంత. షంట్ చూస్తున్నది 3.8, అంటే ఫ్రిజ్ ఒక్కటే. మిగతా 106 ఆంప్స్ షంట్‌కి తెలియకుండా పక్క సందులోంచి పోతున్నాయి. లెక్క చూసుకోండి: 1200 వాట్లని 12.8తో భాగించి, ఇన్వర్టర్‌లో పోయేది కలిపితే 106 దరిదాపుల్లోనే వస్తుంది. ఇన్వర్టర్ నల్ల వైరు షంట్ అవతల లేదు, నేరుగా బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద ఉంది. ఫోటో పెట్టక్కర్లేదు, వెళ్లి చూడండి.

ఎంవీపీ_ట్రైలర్
చూశా. అదే. లావు నల్ల వైరు తిన్నగా మొదటి బ్యాటరీ మైనస్ మీదే బిగించి ఉంది. కుర్రాడికి ఫోన్ చేస్తే, "షంట్ మీద అంత లోడ్ వేస్తే కాలిపోద్ది సార్, అందుకే తప్పించా" అన్నాడు.

గాజువాక_వైరింగ్
షంట్ మీద ఏం రాసుందో చదివాడా? 500 ఆంప్స్, 50 మిల్లీవోల్ట్ అని ఉండాలే. దాని జీవితాశయమే లోడు మొయ్యడం. రూలు ఒక్కటే: బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద షంట్ వైరు తప్ప ఇంకేదీ ఉండకూడదు. ఇన్వర్టర్, సోలార్, ఛార్జర్, ట్రైలర్ బాడీ ఎర్తు, అన్నీ షంట్ అవతలి బోల్టుకే. ఒక్క వైరు తప్పించుకున్నా పద్దు తప్పే.

పనిలో పని, 63, 47 అని రెండు బ్యాటరీలు వేరువేరుగా లాగుతున్నాయి చూశారా. ప్లస్సూ మైనస్సూ రెండూ మొదటి బ్యాటరీ నుంచే తీశాడు కదూ?

ఎంవీపీ_ట్రైలర్
అవును, రెండూ మొదటిదాని మీదే ఉన్నాయి. రెండోదానికి చిన్న లింకు వైర్లు.

గాజువాక_వైరింగ్
ప్లస్ మొదటిదాని నుంచి, మైనస్ రెండోదాని నుంచి తీయండి. ఐమూలగా. అప్పుడు కరెంటు దారి రెండింటికీ సమానమవుతుంది. లేకపోతే మొదటిదే ఎద్దులా చాకిరీ చేస్తుంది, రెండోది పక్కన నడుస్తుంది. పైగా బ్యాటరీ లోపల కాపలా ఉండి, తేడా వస్తే కట్ చేసే మీ బీఎంఎస్‌లు ఒక్కోటి 100 ఆంప్స్‌వి అయితే ఏదో ఒక రోజు మొదటిది పట్టు వదిలేస్తుంది. అప్పుడు 110 మొత్తం రెండోదాని మీద పడి అదీ వదిలేస్తుంది. కూర సగం ఉడికి ఆగుతుంది.

మధురవాడ_మూడో_అంతస్తు
మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. మా ఇంటి ఇన్వర్టర్‌కి కూడా లిథియం పెట్టాలనుకుంటున్నా. పాత ఇన్వర్టర్ ఉంచొచ్చా?

ఉక్కునగరం_అక్క
ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉంటే సరే. ఎంత వోల్టేజి దగ్గర ఛార్జింగ్ ఆపుతుందో చూడండి, 14.6 దాటకూడదు. ట్యూబులర్ మోడ్‌లో కొన్ని అంతకంటే పైకి పోతాయి. వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ చెప్తాను, ఇక్కడ ఎంవీపీ ఇంకా నీళ్లు మరిగిస్తూనే ఉన్నట్టున్నాడు.

ఎంవీపీ_ట్రైలర్
టీ పెట్టేశా అక్కా, వృథా ఎందుకు. ఒక డౌటు. ఇన్వర్టర్ లెక్కలోకి రాలేదు సరే. అయినా 200 ఏహెచ్ ఒక్క రాత్రిలో అయిపోతుందా?

ఉక్కునగరం_అక్క
ఇండక్షన్ ఎంతసేపు? కుక్కర్ ఎన్ని వాట్లు?

ఎంవీపీ_ట్రైలర్
ఇండక్షన్ కూరకీ, టీలకీ కలిపి 40 నిమిషాలు. కుక్కర్ 700 వాట్లు, అరగంట. ఇన్వర్టర్ ఆపలేదు, రాత్రంతా ఆన్‌లోనే ఉంది.

ఉక్కునగరం_అక్క
ఇండక్షన్ 71 ఏహెచ్. కుక్కర్ 31. ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా గంటకి ఒక ఆంప్ పైచిలుకు తింటుంది, 2:40 దాకా ఎనిమిదిన్నర గంటలనుకుని ఓ 10 వేసుకోండి. ఇదంతా 112, పద్దులో లేనిది. ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు పద్దులో ఉన్నాయి: 100 నుంచి 83కి వచ్చిందంటే 34 ఏహెచ్. మొత్తం 146.

ఇక్కడ రెండో దొంగ కనిపిస్తున్నాడు. 146కే బ్యాటరీ ఖాళీ అయిందంటే, బయల్దేరేటప్పుడు 200 లేనే లేవు. మీటరు 100 అన్నప్పుడు నిజంగా ఉన్నది ముప్పాతిక కంటే తక్కువే. ఇప్పుడు కూడా ఆకుపచ్చ లైటు చూసి తీసేశానన్నారు, యాప్‌లో 58, 66 ఉన్నాయి. యాప్‌లు కూడా సత్యహరిశ్చంద్రులు కావు, అర ఆంపు లాంటి చిన్న కరెంటుని చాలా బీఎంఎస్‌లు సున్నా కింద రాసుకుంటాయి. కానీ ఇంత తేడా దానివల్ల రాదు. ఛార్జర్ ముందే చేతులెత్తేస్తోంది, మీటరేమో దాని మాట నమ్మి 100 అంటోంది.

ట్యూబులర్_అభిమాని
లెక్క బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ అదే 146 ఏహెచ్ నా ట్యూబులర్ 150 ఇచ్చేది.

గాజువాక_వైరింగ్
ఇవ్వదు. 150 అని రాసేది 20 గంటల్లో మెల్లగా పిండితే వచ్చేది. 106 ఆంప్స్ లాగితే సగం దగ్గరే వోల్టేజి పడిపోయి ఇన్వర్టర్ కుయ్ కుయ్ మంటుంది. అలా అడుగంటా వాడితే బ్యాటరీ కూడా తొందరగా పోతుంది. మీరు ఫ్యాను, రెండు ట్యూబులైట్లు వేశారు కాబట్టి అది హుద్‌హుద్ గెలిచింది.

జెట్టీ_బోటు
ఛార్జరుకాడ ఫ్యూజుందా? గాజు ఫ్యూజు, నల్ల ప్లాస్టిక్ డబ్బాలో తిప్పి పెట్టేది?

ఎంవీపీ_ట్రైలర్
ఉంది. ప్లస్ వైరు మీద.

జెట్టీ_బోటు
ఛార్జరెట్టు. పది నిమిసాలాగి ఆ డబ్బా సేత్తో పట్టుకో. ఏటైందో వొచ్చి సెప్పు.

ఎంవీపీ_ట్రైలర్
చెయ్యి చుర్రుమంది!! విప్పి చూశా. లోపల స్ప్రింగ్ మొత్తం పచ్చగా ఉంది, గాజు చివర ఇత్తడి మూత మీద బూజులా పొడి. బయట నుంచి చూస్తే కొత్తదే అనుకుంటాం. మళ్లీ బిగించి, ఛార్జర్ నడుస్తుండగా కొలిచా. ఛార్జర్ దగ్గర 14.4. బ్యాటరీ పోస్టుల మీద 13.5.

జెట్టీ_బోటు
సెప్పానా. మొన్నో ఫిష్ ఫైండరు ఇలగే, తీరంలో బాగా పనిసేసీది, నడిసంద్రంలో ఆరిపోయీది. మెకానిక్కు మిషనే మార్చాలన్నాడు. పది రూపాయల ఫ్యూజు డబ్బా మార్చేను, ఇప్పటికీ నడుస్తంది.

మురీమిక్చర్
ఇక్కడ ఇంజినీర్లు అందరూ లెక్కలు వేస్తుంటే బోటు బాబాయి చేత్తో పట్టుకుని చెప్పేశాడు.

ఉక్కునగరం_అక్క
బాబాయి మాటకి లెక్క కూడా సరిపోయింది. 10 ఆంప్స్ పోతుండగా 0.9 వోల్టు ఆ డబ్బాలో ఆగిపోతోంది. 9 వాట్లు. అగ్గిపెట్టెలో సగం ఉండే దాంట్లో 9 వాట్లు అంటే కాలదా మరి. ఛార్జర్‌కి కనిపిస్తున్నది 14.4. అది నిండిపోయిందనుకుని కరెంటు తగ్గించుకుంటూ పోయి, టైము చూసుకుని ఆకుపచ్చ లైటు వేసేస్తోంది. మీరు పీకేస్తున్నారు. బ్యాటరీ ఇంకా సగం ఆకలితో ఉంది.

ఇప్పుడు మీటరు సెట్టింగ్స్ తెరవండి. ఛార్జ్‌డ్ వోల్టేజి ఎంత ఉంది?

ఎంవీపీ_ట్రైలర్
13.2. టెయిల్ కరెంట్ 4 శాతం. టైము 3 నిమిషాలు. ప్యూకర్ట్ 1.25. నేనేం ముట్టుకోలేదు, పెట్టెలోంచి వచ్చినట్టే ఉంది.

ఉక్కునగరం_అక్క
మూడో దొంగ ఇదిగో. ఈ మీటరు 100 అని ఎప్పుడంటుందో తెలుసా? వోల్టేజి 13.2 దాటి, లోపలికెళ్లే కరెంటు 200లో 4 శాతం, అంటే 8 ఆంప్స్ కంటే తగ్గి, మూడు నిమిషాలు అలాగే ఉంటే. ఇది లెడ్ యాసిడ్‌కి ఆలోచించి పెట్టిన అంకె. లిథియం ఛార్జ్ అవుతుంటే 50 శాతం దగ్గరే 13.2 దాటేస్తుంది. మీ 10 ఆంప్స్ ఛార్జర్ కాస్త తగ్గితే చాలు, 8 కిందికి వచ్చేసింది, వోల్టేజి ఉంది, మూడు నిమిషాలు, ఇంకేం, 100! మబ్బు పట్టిన రోజు సోలార్‌తోనూ ఇదే కథ. మూడు ఆంప్సే వస్తుంటాయి, మబ్బు వల్ల తగ్గిందని మీటరుకి తెలియదు, బ్యాటరీ కడుపు నిండి వద్దంటోంది అనుకుంటుంది. మన ఊళ్లో వానాకాలమంతా అది 100 చూపిస్తూనే ఉంటుంది.

ఛార్జ్‌డ్ వోల్టేజి 14.0 పెట్టండి. ప్యూకర్ట్ 1.05, ఎక్కువ కరెంటు లాగితే కెపాసిటీ ఎంత తగ్గుతుందో చెప్పే అంకె అది. ఛార్జ్ ఎఫిషియెన్సీ, అంటే ఎక్కించినదాంట్లో నూటికి ఎంత తిరిగొస్తుందో, 99. సోలార్ కంట్రోలర్‌ని 14.2 దాకా పోనిచ్చి, నిండాక పట్టి ఉంచే ఫ్లోట్ వోల్టేజి 13.5 దగ్గర పెట్టండి. మీటరు అంకె ఎప్పుడూ కంట్రోలర్ అంకె కంటే 0.2, 0.3 కింద ఉండాలి. పైన పెడితే అసలెప్పటికీ 100 చూపించదు, అప్పుడు మళ్లీ ఇంకో చర్చ మొదలెడతారు.

ఘాట్‌రోడ్డు
అక్క చెప్పిన 14.2తో నేను ఏకీభవించను. బ్యాటరీ కాగితంలో 14.6 అని ఉంటుంది కదా. నేను 14.6 పెట్టి చాలా రోజులుగా వాడుతున్నా.

ఉక్కునగరం_అక్క
పెట్టొచ్చు, తప్పు కాదు. బ్యాటరీ లోపల నాలుగు సెల్స్, ఒక్కోటి 3.65 వోల్టులు. కానీ ఆ నాలుగూ సమానంగా లేకపోతే ఒకటి ముందే 3.65 దాటి బీఎంఎస్ ఛార్జింగ్ కట్ చేస్తుంది. 14.2 అంటే సెల్‌కి 3.55, దాదాపు నిండిపోతుంది, గుండె దడ లేకుండా.

భీమిలి_బుల్లెట్
నేనైతే 80 దాటనివ్వను. ఫోన్‌కి కూడా అలాగే.

గాజువాక_వైరింగ్
ఫోన్ వేరు, ఇది వేరు. ఎప్పుడూ 80లో ఆపేస్తే సెల్స్ సమానం చేసుకునే అవకాశం బీఎంఎస్‌కి రాదు, అది పైన, సెల్ 3.4 దాటాకే ఆ పని మొదలెడుతుంది. షంట్‌కి కూడా పద్దు సరిచూసుకునే రోజు ఉండదు. నెలకోసారైనా నిండుగా ఎక్కించాలి. వాడకుండా రెండు నెలలు షెడ్డులో పెడితే మాత్రం 50, 60 దగ్గర వదిలేయండి, మెయిన్ స్విచ్ ఆపేసి. మే నెలలో రేకుల కింద నిండు బ్యాటరీ ఉంచడం మంచిది కాదు.

ఘాట్‌రోడ్డు
సరే 14.2కి వస్తా. కానీ ఎంవీపీ, బొలెరో ఆల్టర్నేటర్ నుంచి ఎందుకు ఛార్జ్ చేసుకోవు? అరకు దాకా మూడు గంటల పైనే డ్రైవింగ్. నేరుగా ఒక వైరు లాగేస్తే అయిపోతుంది.

గాజువాక_వైరింగ్
నేరుగా లాగకండి బాబోయ్. లిథియం ఆకలితో ఉంటే ఎంత ఇచ్చినా మింగుతుంది, ఆల్టర్నేటర్ కాగిపోతుంది. కొత్త బీఎస్ 6 బళ్లలో ఆల్టర్నేటర్ వోల్టేజిని ఇంజినే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, దాన్ని నమ్ముకోలేం. మధ్యలో కరెంటునీ వోల్టేజినీ అదుపులో పెట్టే డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టాలి, ట్రైలర్ వైపు, బ్యాటరీల దగ్గర. వైరు కూడా చూసుకోవాలి. బొలెరో ముందు నుంచి ట్రైలర్ దాకా 6 మీటర్లు అనుకుంటే, పోనురాను 12. 6 స్క్వేర్ ఎంఎం వైరులో 30 ఆంప్స్ పంపితే ఒక వోల్టు దారిలోనే పోతుంది. 16 స్క్వేర్ వేస్తే 0.4.

ఘాట్‌రోడ్డు
నాది నేరుగా లాగేసిందే. బొర్రా దాటాక కాలిన వాసన వస్తుంటుంది, బ్రేకులనుకున్నా.

మురీమిక్చర్
ఘాట్‌రోడ్డన్నా, నీదే తర్వాతి చర్చ.

ఉక్కునగరం_అక్క
ఘాట్‌రోడ్డు, ఈ రోజే ఆ వైరు ఊడదీయండి. జోకు కాదు.

ఎంవీపీ, మీకు ఇంకో రెండు ముక్కలు. జంపర్ వైర్లతో లేపాను అన్నారు. బీఎంఎస్ నిద్రపోతే అవతల నుంచి వోల్టేజి కనబడితే చాలు లేస్తుంది, క్షణం తగిలించి తీసేయాలి. అలాగే వదిలేస్తే ఖాళీ లిథియం బొలెరో బ్యాటరీని పీల్చేస్తుంది, ఆ సన్న వైర్లు కరుగుతాయి. సోలార్ లేవకపోవడం కూడా తప్పేం కాదు, చాలా ఎంపీపీటీలు బ్యాటరీ వైపు నుంచి కరెంటు వస్తేనే బతుకుతాయి. అందుకే తగిలించేటప్పుడు బ్యాటరీ ముందు, ప్యానెల్ తర్వాత. విప్పేటప్పుడు దీనికి తిరగేసి.

పాత ఛార్జర్లో రిపేర్ మోడ్, డీసల్ఫేషన్ లాంటి బటన్ ఏదైనా ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. 15 వోల్టుల పైకి కొడుతుంది.

గాజువాక_వైరింగ్
ఇన్వర్టర్ ప్లస్ వైరు మీద ఫ్యూజు ఉందా? 1500 వాట్లకి 175 లేదా 200 ఆంప్స్ బోల్టు ఫ్యూజు, బ్యాటరీకి జానెడు దూరంలో.

ఎంవీపీ_ట్రైలర్
లేదు.

గాజువాక_వైరింగ్
ఏం చెప్పాలో తెలియడం లేదు.

జెట్టీ_బోటు
కొత్త లగ్గులు టిన్ను పూతవి తీసుకో, తెల్లగా ఉంటాయి. వైరు కూడా టిన్నుదే దొరికితే తీసుకో, ఫిషింగ్ హార్బరు కాడ బోటు సామాన్ల కొట్లల్లో అడుగు. లగ్గు నొక్కేక వేడికి ముడుసుకునే గొట్టం తొడుగు, లోన జిగురున్నది. బిగించేక పైన వేసిలిన్ పూసీ. బిగించకముందు పుయ్యకు, మజ్జిలో జిడ్డుండిపోద్ది.

ఎంవీపీ_ట్రైలర్
ఆదివారం మొత్తం ఇదే పని. మా ఆవిడ టార్చ్ పట్టుకుంది, ఆటోనగర్ కుర్రాడు కూడా వచ్చాడు. షంట్ మీద 500 అని రాసుందని చూపిస్తే "ఓర్నీ" అన్నాడు, మళ్లీ డబ్బులు తీసుకోలేదు. ఇన్వర్టర్ మైనస్ షంట్ అవతలికి మార్చాం. ప్లస్ మొదటి బ్యాటరీ నుంచి, మైనస్ రెండోదాని నుంచి. 200 ఆంప్స్ ఫ్యూజు పెట్టాం. గాజు ఫ్యూజు డబ్బా తీసేసి టిన్ లగ్గులతో బోల్టు ఫ్యూజు. ఛార్జర్ పెడితే దాని దగ్గర 13.62, బ్యాటరీ మీద 13.55. పూర్తిగా నిండడానికి మధ్యాహ్నం నుంచి తెల్లారేదాకా పట్టింది, అప్పుడొచ్చింది ఆకుపచ్చ లైటు. మీటరు దానంతటదే 100కి వెళ్లింది, యాప్‌లు కూడా రెండూ 100.

ఇండక్షన్ 1200 మీద: మీటరు మైనస్ 109. యాప్‌లు 55, 54.

ఉక్కునగరం_అక్క
ఇది వినడానికి హాయిగా ఉంది.

ట్యూబులర్_అభిమాని
నా ట్యూబులర్‌కి నిన్న నీళ్లు పోస్తుంటే చొక్కా మీద యాసిడ్ చుక్క పడి బొక్క పడింది. ఊరికే చెప్తున్నా.

మురీమిక్చర్
ట్యూబులర్ గారు పార్టీ మారుతున్నట్టున్నారు.

ట్యూబులర్_అభిమాని
మారను. చొక్కా మారుస్తా.

ఘాట్‌రోడ్డు
వైరు తీసేశా అక్కా. ఆల్టర్నేటర్ వెనక ప్లాస్టిక్ కనెక్టర్ గోధుమరంగులోకి తిరిగింది. 30 ఆంప్స్ డీసీ టు డీసీ ఆర్డర్ పెట్టా. అది వచ్చేదాకా సోలారే.

ఎంవీపీ_ట్రైలర్
శనివారం మళ్లీ అరకే వెళ్లొచ్చాం, పోయినచోటే వెతుక్కోవాలి కదా. కావాలనే అదే వంట చేశా: ఇండక్షన్ 40 నిమిషాలు, కుక్కర్ అరగంట. వంటయ్యాక ఇన్వర్టర్ ఆపేశా. ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు మామూలే. అలారం పెట్టుకుని 2:40కి లేచి చూశా. మీటరు 32. యాప్‌లు 33, 30. ఫ్యాను తిరుగుతోంది. మా ఆవిడ, "ఆ ఫోన్ వెలుతురు కళ్లల్లో కొట్టకుండా పడుకుంటారా" అంది.

వంజరం ఈసారి తిన్నాం.

జెట్టీ_బోటు
ఎక్కడ కొన్నావు? రేటెంతన్నాడు?

ఎంవీపీ_ట్రైలర్
రేటు చెప్తే తిడతారు బాబాయి.

జెట్టీ_బోటు
ఈసారి తెల్లారగట్ల ఐదింటికి హార్బరుకొచ్చి నాకు ఫోన్ సెయ్యి. ఆ పాత ఫ్యూజు డబ్బా కూడా పట్రా, మా కుర్రోళ్లకి సూపిత్తాను.